కర్టెన్ల రంగు అడిగారు, తలుపు సంగతి అడగలేదు

పిల్లల హోమ్‌లో పెరిగి 18 నిండాక బయటికొచ్చేవాళ్లకి గదులిచ్చే సపోర్టెడ్ హౌసింగ్‌లో రెండేళ్లున్నాను. గది శుభ్రంగా ఉంటుంది, వేడినీళ్లు వస్తాయి, రాత్రిపూట కూడా స్టాఫ్ ఒకరుంటారు. ఈ రివ్యూ వాటి గురించి కాదు. 'ఇక్కడుండే యువతే ఈ సర్వీస్‌ని తీర్చిదిద్దారు' అని గోడకి బోర్డు పెట్టుకున్నారు. అందుకోసమని ఇక్కడుండేవాళ్లతో ఓ కమిటీ పెట్టారు. అందులో ఏడాదిన్నర కూర్చున్నాను కాబట్టి దాని సంగతి చెప్తాను.

మొదటి మీటింగ్ పొద్దున 11 గంటలకి. ఆ టైముకి అందరూ పనుల్లోనో కాలేజీలోనో ఉంటారు. వెళ్లింది ఇద్దరం. మేడమ్ మూడు రంగుల గుడ్డ ముక్కలు బల్ల మీద పరిచి, కర్టెన్లకి ఏది బాగుంటుందన్నారు. పక్క గదమ్మాయి వాటిని ఓ పక్కకి జరిపి, "మేడమ్, స్టాఫ్ మా తలుపులు తట్టకుండానే తెరిచేస్తున్నారు, దాని గురించి మాట్లాడదామా?" అంది. అది ఎజెండాలో లేదట. మినిట్స్‌లో, అంటే మీటింగ్‌లో ఏం జరిగిందో రాసే కాగితంలో మాత్రం 'యువత నీలం రంగు ఎంచుకున్నారు' అని వచ్చింది. మేం ఏదీ ఎంచుకోనేలేదు!

రోజర్ హార్ట్ అనే ఆయన 1992లో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించాడు. కింది మూడు మెట్లూ అసలు భాగస్వామ్యమే కాదన్నాడు. పేరుకి పిలిచి కూర్చోబెట్టడం మూడోది. మేమున్నది అక్కడే.

తర్వాత కొత్త మేనేజర్ వచ్చారు. మీటింగులు సాయంత్రానికి మారాయి, కూర్చున్న గంటలకి డబ్బులిచ్చారు. తలుపు సంగతి కూడా తేలింది. "లోపల ఎవరికైనా ప్రమాదమైతే?" అన్నారు స్టాఫ్. న్యాయమైన ప్రశ్నే. చివరికి ఇలా రాసుకున్నాం: రెండుసార్లు తట్టాలి, ఫోన్ చెయ్యాలి, పేరు పెట్టి పిలవాలి, అప్పటికీ పలక్కపోతేనే తాళం తియ్యాలి. ఈ నాలుగు ముక్కలు రాయడానికి మూడు మీటింగులు పట్టాయి.

నైట్ స్టాఫ్ ఇంటర్వ్యూలకీ కూర్చోబెట్టారు. "రాత్రి రెండింటికి నిద్రపట్టక కిందికొస్తే ఏం చేస్తారు?" అని మావాడొకడు అడిగాడు. ఒకాయన రూల్ ప్రకారం గదికి పంపిస్తానన్నాడు. ఇంకొకావిడ, "పక్కన కూర్చుంటా, మాట్లాడమని మాత్రం అడగను" అంది. ఉద్యోగం ఆవిడకే వచ్చింది.

ఇప్పటికీ నచ్చనివి ఉన్నాయి. ఎవరైనా పెద్దవాళ్లు చూడ్డానికొస్తే 'నీ కథ చెప్పమ్మా' అంటారు. సలహా అడగండి చెప్తాం, కథ ఎందుకు? గట్టిగా మాట్లాడే నలుగురమే ప్రతిసారీ వెళ్తాం, మాట్లాడని వాళ్ల గదికి వెళ్లి అడిగేవాళ్లు లేరు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఎప్పుడు ఖాళీ చెయ్యాలన్నది, కమిటీ దాకా రానేరాదు. ఇలా బయటికెళ్లే పిల్లలు తమ తర్వాతి జీవితాన్ని ప్లాన్ చేసుకోవడంలో పాలుపంచుకునేలా ప్రోత్సహించాలని 2009 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాల్లో ఉంది. నాకు మాత్రం తేదీ వేసిన లెటర్ తలుపు కిందనుంచి వచ్చింది. ఆ నెలంతా ఒకటే టెన్షన్.

5కి 3 ఇస్తున్నాను. చేరబోయేవాళ్లు ఖాళీ చేసే తేదీ ఎవరు, ఎలా నిర్ణయిస్తారో మొదటిరోజే అడగండి. కమిటీలో కూర్చుంటే మినిట్స్ చదివాకే సంతకం పెట్టండి.