ఇంట్లో ఎవరూ లేనప్పుడు కాలిన రెండు యూనిట్లు

2022 ఆగస్టులో రూ.1,150 పెట్టి ప్లగ్ మీటరు ఒకటి కొన్నాను. గోడ సాకెట్‌లో దీన్ని పెట్టి, దీనికి టీవీయో ఫ్రిజ్జో తగిలిస్తే అది ఎన్ని వాట్లు తీసుకుంటోందో చిన్న తెర మీద కనిపిస్తుంది. వోల్టులు, ఆంపియర్లు కూడా చూపిస్తుంది గానీ మూడేళ్లలో నేను వాటి జోలికి పోయింది తక్కువ. నాకు ప్రాణంతో సమానమైంది ఇందులో ఒక్కటే. పెట్టిన దగ్గర్నుంచి ఎన్ని గంటలైంది, మొత్తం ఎన్ని యూనిట్లు కాలాయి అని కూడిపెట్టే లెక్క. నేను రాసేది ముఖ్యంగా దాని గురించే.

కొనడానికి కారణం మా అత్తమ్మ. మాది హనుమకొండలో సొంతిల్లు, ఐదుగురం ఉంటాం. ఎండాకాలం సంగతి వదిలేయండి, ఏసీ నడుస్తుంది. మిగతా నెలల్లో కూడా కరెంటు బిల్లు 209, 214, 221 యూనిట్లు అంటూ ఎప్పుడూ 200 దాటేది. తెలంగాణలో ఈ 200 గీత ఏమిటో బిల్లు కట్టేవాళ్లకు చెప్పక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో మారిన రేట్ల ప్రకారం 200 యూనిట్లు కాలిస్తే, మిగతా ఛార్జీలు పక్కన పెడితే, కరెంటుకు రూ.820. అదే 201 అయితే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోయి రూ.1,027.70. ఒక్క యూనిట్‌కు రెండు వందల పైచిలుకు! బిల్లు కొట్టే అబ్బాయి చీటీ చేతిలో పెట్టగానే ఇంట్లో టెన్షన్ మొదలయ్యేది. అది తిరిగి తిరిగి అత్తమ్మ మీదికే పోయేది. పగలంతా ఇంట్లో ఉండేది ఆమె ఒక్కతే కదా, టీవీ, టేబుల్ ఫ్యాన్ పెట్టుకుని. గట్టిగా ఎవరూ అన్నది లేదు. కానీ "అమ్మా, చూడనప్పుడు టీవీ బంద్ చెయ్యరాదే" అని మా ఆయన అన్నప్పుడల్లా ఆమె ముఖం చిన్నబోయేది. ఒకరోజు నేను బడి నుంచి తొందరగా వచ్చేసరికి, ఉక్కపోతలో ఫ్యాన్ ఆపేసుకుని కొంగుతో విసురుకుంటూ కూర్చుని ఉంది. ఆ రాత్రే మీటరు ఆర్డర్ పెట్టాను.

ముందు ఆమె టీవీకే పెట్టాను. 42 వాట్లు. ఆరు గంటలు చూస్తే పావు యూనిట్. టేబుల్ ఫ్యాన్ 50 వాట్లు, ఎనిమిది గంటలకు 0.4 యూనిట్. రెండూ కలిపి నెలకు 20 యూనిట్ల లోపే. ఒక మనిషి పగలంతా గాలికి, కాలక్షేపానికి అయ్యే ఖర్చు అది. సెట్‌టాప్ బాక్సు మాత్రం రిమోట్‌తో ఆపినా, ఆపకపోయినా 11 వాట్లు తీసుకుంటూనే ఉంది, నెలకు దాదాపు 8 యూనిట్లు. అది అత్తమ్మ తప్పు కాదు. రాత్రి గోడ దగ్గర స్విచ్ ఆపడం అలవాటు చేసుకున్నాం.

అసలు కథ ఇన్వర్టర్‌ది. స్టోర్ రూమ్ మూలన ఉంటుంది, ఎవరూ దానివైపు చూడరు. మీటరు తగిలించగానే 230 వాట్లు చూపించింది! దొంగ దొరికాడనుకుని మా ఆయన్ని కేకేశాను. ఆయన వస్తూ వస్తూ హాల్లో ఫ్యాన్ ఆపి వచ్చారు. అంకె 158కి పడింది. అంటే సరిగ్గా 72 తగ్గింది. అప్పుడు గానీ అర్థం కాలేదు. కరెంటు ఉన్నప్పుడు కూడా ఇన్వర్టర్ లైనులోని లైట్లు, ఫ్యాన్లు దానిలోంచే నడుస్తాయి. మీటరు వాటన్నిటినీ కలిపి చూపిస్తోంది. ఒక్కో గదికి వెళ్లి ఒక్కో స్విచ్ ఆపుకుంటూ వచ్చాను. అన్నీ ఆపేశాక కూడా 41 దగ్గర ఆగిపోయింది. రెండు రోజులుగా కరెంటు పోలేదు, బ్యాటరీ నిండి ఉండాలి. అయినా ఛార్జింగ్ లైటు వెలుగుతూనే ఉంది.

కాసేపు చూసిన అంకెను నేను నమ్మలేదు. పది నిమిషాల తర్వాత తగ్గిపోతుందేమో, రాత్రి ఇంకోలా ఉంటుందేమో. ఇక్కడే ఆ కూడిపెట్టే లెక్క పనికొచ్చింది. ఆ వారం ఖమ్మంలో పెళ్లికి అందరం వెళ్లాం. ఇన్వర్టర్ లైనులో ప్రతి స్విచ్ ఆపి, మీటరును సున్నా చేసి, తాళం వేసి వెళ్లాను. తిరిగొచ్చి చెప్పులైనా విప్పకుండా స్టోర్ రూమ్‌లోకి పోయి చూస్తే 49 గంటలు, 2.01 యూనిట్లు. ఇంట్లో మనిషి లేడు, లైటు లేదు, ఫ్యాన్ లేదు, కరెంటు కూడా పోలేదు. ఆ డబ్బా ఒక్కటే రోజుకు యూనిట్ చొప్పున తినేసింది. నెలకు దాదాపు 30! బ్యాటరీకి అప్పటికి ఆరేళ్లు. పాతబడిన బ్యాటరీ ఛార్జీ నిలుపుకోలేక ఇంకా ఇంకా లాగుతూనే ఉంటుందని తర్వాత మెకానిక్ చెప్పాడు. అంతకుముందు మూడు నెలలకోసారి పోసే డిస్టిల్డ్ వాటర్ ఆ ఏడాది నెలనెలా పోయాల్సి వచ్చింది. దాన్ని చూసైనా మాకు అనుమానం రాలేదు.

క్యాలెండర్ వెనక అంకెలు రాసి అత్తమ్మకు చూపించాను. "మీ టీవీ, మీ ఫ్యాన్ కలిపినా దీని అంత లేవు అత్తమ్మా" అంటే ఆమె చాలాసేపు ఆ కాగితాన్నే చూసి, "గా మూలకున్నదే తింటున్నదా ఇన్నొద్దులు" అంది. మా ఆయన ఆ రోజు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు మధ్యాహ్నం ఆమె గదికి సీలింగ్ ఫ్యాన్ కొనుక్కొచ్చారు, 30 వాట్లదే.

బ్యాటరీ మార్చాక, నిండిన తర్వాత ఇన్వర్టర్ తీసుకునేది 12 వాట్లు. తర్వాతి నెల బిల్లు 190 యూనిట్లు. 214 వచ్చిన నెలతో పోలిస్తే కరెంటు ఖర్చే రూ.355 తక్కువ. ఆ ఊపులో మా స్టాఫ్‌రూమ్‌లో అందరికీ కొనమని చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. కొత్త బ్యాటరీకి రూ.14,500 అయింది. మాది ఎలాగూ మార్చాల్సిన బ్యాటరీ. మీటరు చెప్పింది గనక ఏడాది ముందు మార్చాం, అంతే. ఫ్రిజ్ సంగతీ అలాంటిదే. తలుపు రబ్బరు ఒక మూల చీలి ఉంటే మార్పించాక రోజుకు 1.3 నుంచి ఒక యూనిట్‌కు తగ్గిందని సంబరపడ్డాను. కానీ ముందు కొలిచింది అక్టోబరులో, తర్వాత కొలిచింది డిసెంబరులో. చలికి తగ్గిందెంతో, రబ్బరుకు తగ్గిందెంతో చెప్పలేను.

చిన్న వాటికి కూడా దీన్ని నమ్మొద్దు. ఫోను ఛార్జర్ లాంటివి పెడితే ఒకసారి సున్నా, ఒకసారి మూడు చూపిస్తుంది. గీజరుకు 16 ఆంపియర్లదాకా పర్వాలేదని మీటరు మీద రాసి ఉన్నా, పది నిమిషాలకు ప్లగ్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. మళ్లీ పెట్టలేదు. బోరు మోటారుకు అసలు ప్లగ్గే లేదు. దానికి ఇంటి మీటరే చాలు. ముందు వైపు 3200 ఇంప్ అని రాసి ఉంటుంది, చిన్న ఎర్ర లైటు అన్నిసార్లు మిణుకుమంటే ఒక యూనిట్. మిగతావన్నీ ఆపి మోటారు వేసి మా చిన్నోడు లెక్కపెడితే నిమిషానికి 56. అంటే గంటకు యూనిట్ పైన కొంచెం. అప్పటినుంచి ట్యాంకు నిండి పొర్లనివ్వడం లేదు.

ఇక బాధపెట్టిన సంగతి. రెండేళ్లు నిండగానే ఆ కూడిపెట్టే లెక్కే పాడైంది. ఐదు నిమిషాలు కరెంటు పోయినా మొత్తం సున్నా. కరెంటు లేనప్పుడు అంకెలు గుర్తుంచుకోవడానికి లోపల చిన్న బటన్ సెల్ ఉంటుంది, అది చచ్చిపోయింది. బోర్డుకు టంకం వేసి ఉంది కాబట్టి మనం తీసి పెట్టుకునే వీలు లేదు. అమ్మినవాళ్లను అడిగితే కొత్తది కొనుక్కోమన్నారు. నాకు చాలా కోపం వచ్చింది. చౌరస్తా దగ్గర పాత రేడియోలు బాగుచేసే ఆయన అలాంటి సెల్ వెతికి వేసిచ్చాడు. ఎనిమిది నెలలుగా బాగానే ఉంది.

కొనాలా అంటే, ఇంటిని బట్టి ఉంటుంది. నెలకు వంద యూనిట్లు దాటని ఇంట్లో ఇది వెతికి పట్టుకునేదేమీ ఉండదు. 200 దగ్గర ఊగిసలాడే ఇంట్లో, పాత ఇన్వర్టరో పాత ఫ్రిజ్జో ఉంటే తప్పక పనికొస్తుంది. గృహజ్యోతి, అంటే 200 యూనిట్ల దాకా ఉచితంగా కరెంటు ఇచ్చే తెలంగాణ ప్రభుత్వ పథకం, ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ, వాళ్లకు 200 దాటితే మొత్తం బిల్లూ కట్టాల్సి వస్తుంది. అయినా ఇంటికొకటి అక్కర్లేదు. వారంలో పని అయిపోతుంది. మాది ఇప్పుడు స్టాఫ్‌రూమ్‌లో ఒకావిడ పట్టుకెళ్లింది, వాళ్ల ఇన్వర్టర్ బ్యాటరీకి ఏడేళ్లట. కరెంటు పోతే అంకె రాసుకోమని చెప్పి పంపాను.