ఎయిర్ రైఫిల్‌కు మజిల్ బ్రేక్: క్లాంపుదా, త్రెడ్‌దా? ఐదేళ్లు వాడాక నా మాట

దేవరకొండ రోడ్డులో మాకు బత్తాయి తోట ఉంది. ఆదివారం పొద్దున్నే అక్కడ మట్టికట్టకు అట్టముక్క ఆనించి, 25 మీటర్ల నుంచి కాగితం టార్గెట్లు కొట్టడం నా సరదా. 4.5 మి.మీ. బోరు (బ్యారెల్ లోపలి రంధ్రం), 20 జౌళ్లలోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్ కాబట్టి లైసెన్సు అక్కర్లేదు. కోతుల్ని బెదిరించడానికి అడిగే బంధువులకు మాత్రం ఇవ్వను. ఏమనుకున్నా సరే.

మజిల్ బ్రేక్ అంటే బ్యారెల్ మూతికి తగిలించే చిన్న గొట్టం. స్క్రూలతో బిగించేది క్లాంపుది, మరలతో తిప్పి ఎక్కించేది త్రెడ్‌ది. మందుతో పేలే రైఫిళ్లలో అది గ్యాసును పక్కలకు, వెనక్కు మళ్లించి భుజం మీద దెబ్బ తగ్గిస్తుంది. నా దగ్గరున్నలాంటి స్ప్రింగు ఎయిర్ రైఫిల్లో కుదుపు వచ్చేది లోపల పిస్టన్ దూకడం వల్ల. మూతి దగ్గరకు వచ్చే గాలి ఎంతని? అందుకని బ్రేకు బిగిస్తే కుదుపు పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. కాస్త ముందు బరువు వస్తుంది, బ్యారెల్ వంచి లోడ్ చేసేటప్పుడు చేతికి పట్టు దొరుకుతుంది, అంతే. నా తిప్పలన్నీ ఆ పట్టు దగ్గరే మొదలయ్యాయి.

మొదటి రైఫిల్ బ్యారెల్‌కు త్రెడ్ లేదు. ముందు సైటు తీసేసి క్లాంపు బ్రేకు తొడిగాను. గురి చూసే దుర్భిణి, అదే స్కోపు, ఉంది కాబట్టి సైటు పోయినందుకు బాధ లేదు. బ్యారెల్ బయటి మందం 15 మి.మీ., దాని మీద తొడిగే బ్రేకు రంధ్రం 16. బిగించే గ్రబ్ స్క్రూలు (తల లేని చిన్న స్క్రూలు) మూడూ ఒకే వైపు. బిగించేకొద్దీ బ్రేకు ఓ పక్కకు ఒరిగిందన్న సంగతి నాకు తెలియలేదు. అప్పటిదాకా రూపాయి బిళ్లంతలో పడే పెల్లెట్లు (సీసం గుళ్లు) అరచేయంత చెదిరాయి. కాగితం మీద రంధ్రాలు కొన్ని గుండ్రంగా కాక సాగినట్టు పడ్డాయి. నెల రోజులు పెల్లెట్లనూ, స్కోపునూ, చివరికి నా చేతినీ తిట్టుకున్నాను. టార్చి వేసి చూస్తే బ్రేకు లోపలి అంచుకు ఒక పక్క సీసం మరక. పెల్లెట్ పోతూ పోతూ రాసుకుంటోంది!

కూల్‌డ్రింక్ టిన్ను రేకు కోసి నాలుగైదు చుట్లు చుట్టి తొడిగితే నడిమికి వచ్చింది. కానీ లోడ్ చేసిన ప్రతిసారీ చేయి పడేది దాని మీదే. వంద షాట్లు కొట్టేసరికి స్క్రూలు లూజు. గట్టిగా బిగిస్తే బ్యారెల్ మీద గాట్లు. వానాకాలంలో ఆ గాట్లలోనే తుప్పు పట్టింది.

రెండో రైఫిల్ కొన్నప్పుడు ఫ్యాక్టరీ త్రెడ్ ఉన్నదే చూసి తీసుకున్నాను. అర అంగుళం సైజు, అంగుళానికి 20 మరలు. మూడేళ్లయింది. తిప్పి బిగిస్తే బ్యారెల్ మీద మరలు ఆగే మెట్టుకు ఆనుకుని తిన్నగా కూర్చుంటుంది. దీనికీ ఓ పేచీ ఉంది: లోడ్ చేసేటప్పుడు చేయి మెలితిరిగి పావు చుట్టు వదులవుతుంది. మధ్యలో చిన్న రబ్బరు ఓ-రింగు వేశాక ఆగింది. శుభ్రం చేయడానికి విప్పి మళ్లీ బిగించినా సైటింగు, అంటే గురి సర్దుబాటు, పెద్దగా మారలేదు. క్లాంపుదైతే విప్పిన ప్రతిసారీ పది పెల్లెట్లు సైటింగుకే పోయేవి.

పాత దానికీ త్రెడ్ తీయిద్దామని లేత్ షాపుకు తీసుకెళ్లాను. ఆ తమ్ముడు సంచి విప్పి చూసి రెండడుగులు వెనక్కేశాడు. "అన్నా, బోరు మోటరు పైపైతే తెండి, ఇది మాత్రం నేను ముట్ట." కోపం రాలేదు. మూతి దగ్గర వెంట్రుకవాసి వంకరగా కోస్తే బ్యారెల్ పనికిరాదు.

స్ప్రింగు రైఫిల్‌కు త్రెడ్ ఉంటేనే బ్రేకు జోలికి వెళ్లమంటాను. ముందే గాలి నింపిపెట్టుకునే, బ్యారెల్ వంచే పనిలేని పీసీపీ రైఫిల్ ఉన్నవాళ్లకు క్లాంపుది సరిపోవచ్చు. అదైనా స్క్రూలు చుట్టూ సమంగా ఉన్నది తీసుకోండి. నా పాత రైఫిల్ బ్రేకు లేకుండానే నడుస్తోంది. మూతి దగ్గర మూడు గాట్లు మాత్రం అలాగే ఉన్నాయి, నూనె గుడ్డ పెట్టినప్పుడల్లా వేలికి తగులుతాయి.