గిగాబిట్ ఈథర్‌నెట్ సిగ్నల్ స్విచ్ చిప్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

ల్యాప్‌టాప్‌ని డాకింగ్ స్టేషన్‌లో పెట్టినప్పుడు నెట్‌వర్క్ డాక్ వైపు సాకెట్‌కి వెళ్లాలి, తీసేస్తే ల్యాప్‌టాప్ సాకెట్‌కి రావాలి. లోపల ఈథర్‌నెట్ ఫై చిప్ (డేటాని కేబుల్ మీద వెళ్లే సిగ్నల్‌గా మార్చేది) మాత్రం ఒక్కటే. దాని నాలుగు జతల తీగల్ని అటో ఇటో కలిపే అనలాగ్ స్విచ్ చిప్ గురించే ఈ సమీక్ష. ప్యాకెట్ల అడ్రస్ చూసి పంపే నెట్‌వర్క్ స్విచ్ వేరు, ఇది వేరు. దీంట్లో ఉండేవి మాస్‌ఫెట్‌లే (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్లు): 8 లైన్లు, ఒక్కో లైనుకి రెండు దారులు, 3.3 వోల్టుల సప్లై, ఒక సెలెక్ట్ పిన్. ఈ రకం చిప్‌ని నా డిజైన్లలో చాలా ఏళ్లుగా వాడుతున్నాను. మంచి చిప్. అయితే దీన్ని ఎంచుకునేటప్పుడు చాలామంది చూడాల్సిన అంకె చూడరు.

అందరి కళ్లూ బ్యాండ్‌విడ్త్ మీదే ఉంటాయి. అది సిగ్నల్ 3 డెసిబెల్స్ పడిపోయే ఫ్రీక్వెన్సీ, అంటే సగం పవర్ పోయే చోటు. 1000బేస్-టీ (రాగి తీగల మీద గిగాబిట్ ఈథర్‌నెట్) సిగ్నల్ ఒక్కో జత మీద సెకనుకి 12.5 కోట్ల సింబల్స్‌తో నడుస్తుంది, ప్రమాణాలన్నీ 100 మెగాహెర్ట్జ్ దాకానే అడుగుతాయి. కాబట్టి 800 మెగాహెర్ట్జా, 1 గిగాహెర్ట్జా అన్న పోటీతో మనకి పెద్దగా పని లేదు.

ఆన్ రెసిస్టెన్స్, అంటే స్విచ్ కలిపి ఉన్నప్పుడు దారిలో ఉండే రెసిస్టెన్స్, సుమారు 4 ఓమ్‌లు. జతలో రెండు తీగలు కాబట్టి 100 ఓమ్‌ల లైన్లో 8 ఓమ్‌లు అదనంగా చేరతాయి. లెక్క వేస్తే నష్టం 0.34 డెసిబెల్స్, దాని వల్ల రిటర్న్ లాస్ (సిగ్నల్ ఎంత తక్కువగా వెనక్కి తిరిగొస్తుందో చెప్పే అంకె, ఎక్కువుంటే మంచిది) 28 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. భయపడాల్సిందేమీ లేదు. వేడెక్కితే ఈ రెసిస్టెన్స్ కొంచెం పెరుగుతుంది, కానీ వేడి పెట్టెల్లో కూడా లింక్ ఊడిపోవడం నేను చూడలేదు.

అసలు జాగ్రత్త పడాల్సింది కెపాసిటెన్స్ దగ్గర. లైనుకి 10 పికోఫారడ్లు అనుకుంటే, 100 మెగాహెర్ట్జ్ దగ్గర రిటర్న్ లాస్ ఒక్కసారిగా 16 డెసిబెల్స్‌కి దిగుతుంది. అక్కడ ప్రమాణం అడిగేది సుమారు 8 కాబట్టి పాస్ అవుతాం. కానీ అదే లైన్ మీద ఈఎస్‌డీ డయోడ్లు (స్టాటిక్ కరెంటు నుంచి కాపాడేవి), ట్రాన్స్‌ఫార్మర్, కనెక్టర్ కూడా తమ వాటా తీసుకుంటాయి. మిగిలిన మార్జిన్ అంతా ఈ చిప్ ఒక్కటే తినేస్తే వాటికి చోటుండదు. అందుకే రెసిస్టెన్స్ ఒక ఓమ్ ఎక్కువైనా సరే, కెపాసిటెన్స్ తక్కువున్న చిప్‌నే తీసుకుంటాను.

ఇక ఎవరూ పట్టించుకోని విషయం సిగ్నల్ పరిధి. ఒకసారి మా దగ్గరికి వచ్చిన బోర్డు గిగాబిట్ స్పీడులో రోజుల తరబడి తప్పు లేకుండా నడిచేది. స్లీప్‌లోకి వెళ్తే మాత్రం పొడవాటి కేబుల్ మీద నెట్‌వర్క్ నుంచి నిద్ర లేచేది కాదు. స్లీప్‌లో కరెంటు ఆదా కోసం చాలా ఫై చిప్‌లు 10 మెగాబిట్లకి దిగుతాయి. చిక్కు అక్కడే ఉంది. పాత 10బేస్-టీలో జత మీద సిగ్నల్ శిఖరం 2.5 వోల్టులు, అంటే ఒక్కో తీగ 1.25 వోల్టులు పైకీ కిందికీ ఊగుతుంది. ఆ బోర్డులో కరెంట్-మోడ్ ఫై (ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కరెంటు లాగి సిగ్నల్ పుట్టించే రకం) ఉంది, ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్‌కి, అంటే చుట్ట మధ్య నుంచి తీసిన కొసకి, 2.5 వోల్టులు ఇచ్చారు. స్విచ్ ఫైకీ ట్రాన్స్‌ఫార్మర్‌కీ మధ్యే ఉంటుంది కాబట్టి ఆ 2.5 మీద 1.25 కలిసి తీగ 3.75 వోల్టుల దాకా ఎక్కాలి, స్విచ్ సప్లై చూస్తే 3.3. ఓసిల్లోస్కోప్‌లో శిఖరాలు చదునుగా తెగిపోయి కనిపించాయి. గిగాబిట్‌లో పంపే సిగ్నల్ ఒక్కో తీగ మీద అర వోల్టు కూడా ఊగదు, అందుకే అప్పటిదాకా ఏ టెస్టులోనూ బయటపడలేదు. సప్లై కంటే పైకి వెళ్లే సిగ్నల్‌ని కూడా వదిలే రకం చిప్ పెట్టాక సమస్య పోయింది.

వోల్టేజ్-మోడ్ ఫై (తీగల్ని నేరుగా వోల్టేజీతో నడిపే రకం) వాడేవాళ్లకి ఈ టెన్షన్ చాలావరకు లేదు. అందులో సెంటర్ ట్యాప్‌ని సప్లైకి కాకుండా కెపాసిటర్ ద్వారా గ్రౌండ్‌కి కలుపుతారు. 10బేస్-టీఈ (10 మెగాబిట్లలో కరెంటు ఆదా చేసే రకం) అయితే శిఖరం కూడా 2 వోల్టుల లోపే. ఏదైనా సరే, చిప్ ఆర్డర్ చేసే ముందు డేటాషీట్‌లో ఇన్‌పుట్ వోల్టేజీ పెరిగే కొద్దీ ఆన్ రెసిస్టెన్స్ ఎలా మారుతుందో చూపే గ్రాఫ్ తెరవండి. ఆ గీత మీ సిగ్నల్ శిఖరం దాకా చదునుగా ఉంటేనే కొనండి.

క్రాస్‌టాక్ (ఒక జత సిగ్నల్ పక్క జతలోకి చేరడం) విషయంలో ఫిర్యాదు లేదు. గిగాబిట్‌లో నాలుగు జతలూ ఒకేసారి రెండు వైపులా మాట్లాడతాయి కాబట్టి జతల మధ్య గ్రౌండ్ పిన్నులున్న చిప్ అయితే మేలు. జతకీ జతకీ మధ్య స్క్యూ (సిగ్నల్ చేరే సమయంలో తేడా) గురించి బెంగ అక్కర్లేదు, 50 నానోసెకన్ల దాకా అవతలి ఫై సర్దుకుంటుంది. ఒకే జతలోని రెండు తీగల మధ్య తేడా మాత్రం కామన్-మోడ్‌గా (రెండు తీగల మీదా ఒకేలా ఊగే సిగ్నల్‌గా) మారి రేడియేషన్ పరీక్షలో తేలుతుంది. అక్కడ చిప్ కన్నా బోర్డు మీద ట్రాకుల పొడవే ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

10 గిగాబిట్‌కి ఇదే చిప్ సరిపోతుందా అని అడిగేవాళ్లున్నారు. అక్కడ సిగ్నల్ 400 మెగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. అదే 10 పికోఫారడ్లతో లెక్కేస్తే రిటర్న్ లాస్ 6 డెసిబెల్స్ కూడా రాదు. ఆ పనికి దీన్ని తీసుకోవద్దు.