ఇంకు లోపలా, బయటా? నాలుగేళ్ల లేబుల్ ప్రింటర్‌తో నా పేచీ

థర్మల్ లేబుల్ ప్రింటర్ వేగం, సైజు, కనెక్షన్ల సంగతి డబ్బా మీదే ఉంటుంది, వాటి జోలికి పోను. నాలుగేళ్లుగా దీనితో నాకున్న పేచీ ఒక్కటే: రిబ్బన్, అంటే ఒకవైపు ఇంకు పూసిన పల్చటి ఫిల్మ్ రోల్. రిబ్బన్‌కి ఇంకు ఏ వైపు ఉందో కొనేవాడికి కనపడేలా ఎందుకు రాయరో నాకిప్పటికీ అర్థం కాదు.

స్పేర్ పార్ట్స్ గోడౌన్‌లో ర్యాకులకీ డబ్బాలకీ లేబుళ్లు వేయడం నా పని. మొదటి ఏడాది డైరెక్ట్ థర్మల్ రోళ్లే వాడాను. వేడి తగిలితే నల్లబడే పూత కాగితం మీదే ఉంటుంది కాబట్టి రోల్ పెట్టి మూత వేస్తే చాలు. "ఇంకు ఖర్చే లేదు" అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. కిటికీ పక్క ర్యాకులో లేబుళ్లు కొన్ని నెలలకే పాలిపోయాయి. భద్రంగా ఉంటాయని పైన ట్రాన్స్‌పరెంట్ టేప్ వేసినవైతే ఇంకా ముందే చెరిగిపోయాయి. వారంలో పని తీరిపోయే పార్సిల్ లేబుల్‌కి మాత్రం ఇప్పటికీ అదే హాయి.

మా ప్రింటర్ రెండు పద్ధతుల్లోనూ పనిచేస్తుంది కాబట్టి థర్మల్ ట్రాన్స్‌ఫర్‌కి మారాను. ప్రింటర్‌లో వేడెక్కి అచ్చు వేసే భాగం, అదే హెడ్, దాని వేడికి రిబ్బన్ మీది ఇంకు కరిగి లేబుల్‌కి అంటుకుంటుంది. కాగితం లేబుల్‌కి వాక్స్ (మైనం) ఇంకు రిబ్బన్, జిడ్డు చేతులు తగిలే ప్లాస్టిక్ లేబుల్‌కి గట్టిగా పట్టుకునే రెజిన్ ఇంకు రిబ్బన్ అని తెలుసుకున్నాను. రిబ్బన్ వెడల్పు లేబుల్ కంటే కాస్త ఎక్కువే ఉండాలనీ, లేకపోతే లేబుల్ అంచు హెడ్‌ని రాసుకుంటుందనీ చదివాను. రిబ్బన్ చుట్టి ఉండే గొట్టం, అదే కోర్, అది కూడా కొలిచాను. అంతా చూసుకునే ఆరు రోళ్లు తెప్పించాను.

తెల్లారితే స్టాక్ లెక్క. రాత్రి తొమ్మిదికి కొత్త రిబ్బన్ ఎక్కించి ప్రింట్ కొట్టాను. లేబుల్ తెల్లగా వచ్చింది. ఇంకోటి, అదీ తెల్లగానే. డార్క్‌నెస్ పెంచాను, స్పీడ్ తగ్గించాను. లేబుళ్లు మాత్రం ఒకదానికొకటి మధ్యనుండే గ్యాప్ దగ్గర ఠంచనుగా ఆగుతున్నాయి, అంటే ఆ గ్యాప్‌ని పసిగట్టే సెన్సార్ తప్పు కాదు. మూత తీసి చూస్తే హెడ్ మీద నల్లటి జిగురులా ఏదో పేరుకుంది. ఇక హెడ్ పోయిందనుకున్నాను. ఆ టెన్షన్‌లో కొత్త హెడ్‌కి ఆర్డర్ పెట్టబోయాను కూడా.

ఎందుకో ఆగి, స్విచ్ కట్టేసి, చల్లారాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో హెడ్ తుడిచాను. రిబ్బన్ తీసేసి పాత డైరెక్ట్ థర్మల్ రోల్ పెట్టాను. అక్షరాలు నిక్షేపంగా వచ్చాయి! హెడ్ బాగానే ఉంది. అప్పుడు ఒక లేబుల్ ఊడదీసి, దాని జిగురు వైపుని రిబ్బన్ పైముఖానికి అంటించి లాగాను. శుభ్రంగా వచ్చింది. లోపలి ముఖానికి అంటిస్తే నల్లగా ఊడొచ్చింది. మా ప్రింటర్‌కి ఇంకు బయటికి ఉండేలా చుట్టిన రోల్ కావాలి, నేను కొన్నది లోపలికి చుట్టింది. ఇంకు లేబుల్‌ని కాకుండా హెడ్‌ని తాకుతోంది. రోల్ తిప్పి పెడదామంటే కోర్‌కి గాడి ఒకవైపే ఉంది, కూర్చోలేదు.

ఆ రాత్రి మూడు వందల లేబుళ్లూ పాత రోల్ మీదే వేసి, వారం తర్వాత సరైన రిబ్బన్‌తో మళ్లీ కొట్టి అంటించాను. అమ్మినవాళ్లు మాత్రం డబ్బా తెరిచారు కాబట్టి వెనక్కి తీసుకోం అన్నారు. తెరవకుండా ఇంకు ఏ వైపుందో ఎలా తెలుస్తుందో వాళ్లే చెప్పాలి.

అయినా ప్రింటర్ మీద కోపం లేదు. ఆ తర్వాత వేసిన రెజిన్ లేబుళ్లు ఇప్పటికీ గోరుతో గీకినా పోవు. నాది 203 డీపీఐ, అంటే మిల్లీమీటరుకి 8 చుక్కలు. పెద్ద బార్‌కోడ్‌లకి చాలు, చిన్న బోల్టు పొట్లాల మీద బుల్లి క్యూఆర్ కోడ్ వేస్తే స్కానర్ ఒక్కోసారి తడబడుతుంది. నా ర్యాకులకి సరిపోయింది కాబట్టి ఇదే మళ్లీ కొంటాను. రోజుకి పది పార్సిళ్లు పంపేవాళ్లయితే రిబ్బన్ గొడవ లేని చిన్నది చూసుకోవచ్చేమో.

మిగిలిన ఐదు రోళ్లూ బీరువాలోనే ఉన్నాయి, ఒక్కోదాని మీద మార్కర్‌తో "ఇంకు లోపల" అని రాసిపెట్టాను. పనికొచ్చే ప్రింటర్ ఎవరికైనా ఉంటే ఊరికే ఇచ్చేస్తాను.