ఈరోస్ మూల దగ్గర ఓ పూట

హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ముంబై సీఎస్‌ఎంటీ స్టేషన్లో దింపేసరికి ఇంకా తెల్లవారలేదు. ఫోర్ట్‌లో లాడ్జి ముందే బుక్ చేసుకున్నాను. ఫొటోలో చూపించిన పెద్ద కిటికీ నిజంగానే ఉంది, తెరిస్తే పక్క బిల్డింగు డ్రైనేజీ పైపులు! దుప్పట్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లూ వచ్చాయి. ఒంటరిగా ఒక రాత్రికి పర్వాలేదు, పిల్లలతో వెళ్లేవాళ్లకు వద్దంటాను.

నేను వెళ్లిందే ఈరోస్ సినిమా హాలు చూడ్డానికి. చర్చ్‌గేట్ అంటే ఇద్దరు టాక్సీవాళ్లు తల అడ్డంగా ఊపారు, దగ్గర బేరం కదా. నడిస్తే ఇరవై నిమిషాలు పట్టింది.

చర్చ్‌గేట్ స్టేషన్ ఎదురుగా, రెండు రోడ్లు కలిసే మూల మీద ఉంటుంది ఈరోస్. 1938లో తెరిచారు. మూల స్థలం అనగానే మనవాళ్లు వీధిపోటు చూస్తారు, లేదంటే గోడ కొస కాస్త కోసి ఊరుకుంటారు. ఆర్కిటెక్ట్ షొరాబ్జీ భేద్వార్ ఆ మూలనే ముఖం చేశాడు. రెండు రోడ్ల వెంబడీ రెండు రెక్కలు చాచి, అవి కలిసేచోట గుండ్రటి బురుజు లేపాడు. పైకి పోయేకొద్దీ అది బొమ్మల కొలువు మెట్లలా లోపలికి జరుగుతూ సన్నబడుతుంది. కొంత మేర ఆగ్రా ఎర్రరాయి, మిగతాదంతా మీగడ రంగు. కింద నిలబడితే ఇదేమీ తెలియదు, మెడ నొప్పి తప్ప. రోడ్డు దాటి స్టేషన్ వైపు రండి, రెండు రెక్కలూ ఒకేసారి కనిపిస్తాయి.

అక్కడే నిలబడి ఫొటో తీస్తుంటే పదకొండున్నరకి డబ్బావాలాలు, అంటే ఆఫీసులకి భోజనం క్యారియర్లు చేరవేసేవాళ్లు, దిగారు. తల మీద పొడవాటి చెక్క ట్రే, దాని నిండా క్యారియర్లు. నాలుగు ఫొటోల్లో మూడింట్లో ఈరోస్ బదులు వాళ్లే ఉన్నారు. అవే బాగా వచ్చాయి.

కొన్నేళ్లు మూతపడ్డ హాలుని 2024లో ఐమాక్స్‌గా తెరిచారు. ఐమాక్స్ మనకి ప్రసాద్స్ రోజుల నుంచీ అలవాటే కాబట్టి టికెట్ కొనలేదు.

పక్కనే ఓవల్ మైదానం. ఒక వైపు ఈరోస్ కాలంనాటి ఆర్ట్ డెకో శైలి మేడలు, ఎదుటి వైపు హైకోర్టు, రాజాబాయి టవర్. 2018లో యునెస్కో ఈ రెండు వరసల్నీ కలిపే ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. మధ్యలో ఏకకాలంలో ఎన్ని క్రికెట్ మ్యాచులు జరుగుతున్నాయో లెక్క తేలలేదు, ఎవరి బంతి ఎవరిదో వాళ్లకే తెలియాలి.

తిరుగుదారిలో కె. రుస్తుం అనే కొట్లో ఐస్‌క్రీమ్ తిన్నాను. పలచటి రెండు బిస్కెట్ల మధ్య మందపాటి ముక్క పెట్టి ఇస్తారు. ఎండలో మళ్లీ బురుజు చూస్తూ నిలబడితే మోచేతి దాకా కారింది.