బెంగళూరు స్పేస్ ఎక్స్‌పో: మామయ్యగారు, మారేజింగ్ స్టీలు, ఒక దిక్కుమాలిన లాడ్జి

ముందే చెప్పేస్తున్నా. బెంగళూరులో బీఐఈసీ అనే ఎగ్జిబిషన్ సెంటర్‌కి దేనికి వెళ్లినా సరే, "హాలుకి ఐదు నిమిషాల నడక" అని ఆన్‌లైన్‌లో రాసుకున్న తుమకూరు రోడ్డు లాడ్జీలను నమ్మకండి. నాకు ఆ ఐదు నిమిషాల నడక ఆటోలో పావుగంట పట్టింది.

నాది బాలానగర్‌లో చిన్న మెషిన్ షాపు. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్లు రెండు, ఒక పాత లేతు, నాతో కలిపి ఐదుగురం. 2007లో మన హైదరాబాద్ హెచ్ఐసీసీ హాల్లోనే అంతర్జాతీయ అంతరిక్ష మహాసభ జరిగింది. అప్పుడు డిప్లొమా చదువుతున్నా, డెలిగేట్ ఫీజు ఎంతో విని నోరు మూసుకుని ఇంట్లో కూర్చున్నా. 2024 సెప్టెంబర్ 18 నుంచి 20 దాకా జరిగిన బెంగళూరు స్పేస్ ఎక్స్‌పోకి మా కస్టమర్ ఒకాయన రెండు పాసులు ఇచ్చారు. ఒకటి నాకు. రెండోది మామయ్యగారికి. ప్రత్యేక లోహాలు తయారుచేసే ప్రభుత్వ కంపెనీ మిధానిలో 31 ఏళ్లు చేసి రిటైరయ్యారు. అప్పట్నుంచి టీవీతో గొడవపడుతూ ఉన్నారని మా ఆవిడే, "నాన్నని తీసుకెళ్లండి, కాస్త గాలి మారుతుంది" అంది.

17న హైదరాబాద్‌లో నిమజ్జనం, షాపు ఎలాగూ మూతే. పొద్దున్నే కాచిగూడలో వందే భారత్ ఎక్కి మధ్యాహ్నానికి యశ్వంతపూర్‌లో దిగాం. ఇద్దరికీ ₹3,200 పైచిలుకు. రైలు గురించి చెప్పడానికి ఇంకేం లేదు, హాయిగా వెళ్లింది.

ఇక లాడ్జి. రెండు రాత్రులకి ₹2,900 అని బుక్ చేశా. కౌంటర్‌లో కుర్రాడు నా ఫోన్ వైపు కూడా చూడకుండా, "ఎక్స్‌పో టైం సార్, ఆన్‌లైన్ రేటు చెల్లదు, రోజుకి ₹2,600" అన్నాడు. పావుగంట వాదించా. మేనేజరుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు, బుకింగ్ యాప్ వాళ్లకి చేస్తే పాట వినిపించారు. మామయ్యగారు సోఫాలో బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుని, పెళ్లిచూపుల నాడు నన్ను చూసినట్టే చూస్తున్నారు. చివరికి రెండు రాత్రులకీ కలిపి ₹4,400కి బేరం కుదిరింది. రసీదు అడిగితే బుక్కు అయిపోయిందట.

గది కిటికీ తెరిస్తే పక్క బిల్డింగ్ గోడ. చెయ్యి చాపితే తగులుతుంది. వేడినీళ్లు ఆరు నుంచి ఏడున్నర దాకా అని బోర్డు, నీళ్లు వచ్చింది ఏడు ఇరవైకి. రాత్రంతా రోడ్డు మీద లారీలు. నిద్ర పట్టిందా అని పొద్దున అడిగితే, "ఫోర్జ్ షాపులో పనిచేసినవాణ్ని బాబూ, లారీల చప్పుడు నాకో లెక్కా! ఆ దుప్పటి చూశావా?" అన్నారు. చూశా. మధ్యలో ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ, దాని చుట్టూ ఎవరిదో టీ మరక. ఆ మూల మడిచి మంచం కిందికి దోపేసి పడుకున్నారట.

టిఫిన్ దగ్గర ఆయన కోపం సగం దిగింది. దాసరహళ్లి వైపు ఓ చిన్న దర్శిని హోటల్లో తట్టె ఇడ్లీ తిన్నాం. పళ్లెమంత వెడల్పు, పైన వెన్నముద్ద, ప్లేటు ₹30. సాంబార్‌లో బెల్లం పడిందని సణుగుతూనే రెండోది కూడా తెప్పించుకున్నారు.

అప్పటికి మెట్రో నాగసంద్ర వరకే. అక్కడి నుంచి ఆటోకి ₹150 అడిగాడు. దారి పొడవునా నెత్తి మీద మెట్రో పట్టాలు, కట్టేసిన స్టేషన్లు, రైలు మాత్రం లేదు! "స్టేషన్ ఉంది, రైలు లేదు, మనకి ఆటో ఉంది" అని మామయ్యగారు నవ్వారు, ప్రయాణంలో మొదటిసారి. ఆ నవంబర్ 7న బీఐఈసీ పక్కనున్న మాదావర దాకా రైళ్లు మొదలయ్యాయి కాబట్టి ఇకమీద వెళ్లేవాళ్లు యశ్వంతపూర్‌లోనో మల్లేశ్వరంలోనో మెట్రోకి దగ్గరగా దిగండి. మా లాడ్జిలో కక్కిన డబ్బుకి అక్కడ శుభ్రమైన గది వస్తుంది.

హాల్లో మొదటి గంట నాకు నీరసమే. ఏ స్టాల్‌కి వెళ్లి షాపు కార్డు ఇచ్చినా ఒకటే ప్రశ్న: "ఏఎస్9100 ఉందా?" విమానాలకీ రాకెట్లకీ విడిభాగాలు చేసేవాళ్ల క్వాలిటీ సర్టిఫికెట్ అది. లేదంటే నవ్వుతూ ఓ పెన్ను చేతిలో పెట్టి పంపిస్తారు. సాయంత్రానికి ఏడు పెన్నులయ్యాయి.

మామయ్యగారు కనపడకపోతే వెతుక్కుంటూ వెళ్లా. చిన్న రాకెట్లు కట్టే ఓ స్టార్టప్ స్టాల్లో త్రీడీ ప్రింట్ చేసిన ఇంజన్ ముక్క ముందు నిలబడి, దాని అంచు మీద బొటనవేలి గోరు మెల్లగా లాగుతున్నారు. "ఏ అల్లాయ్?" "ఇన్‌కొనెల్ 718 సార్." "ప్రింట్ అయ్యాక హెచ్ఐపీ చేస్తారా?" హెచ్ఐపీ అంటే బాగా వేడి చేసి గ్యాస్ ప్రెషర్‌తో నలువైపులా నొక్కి, లోపలి సన్నటి రంధ్రాలు మూయడం. కుర్రాడు తడబడి లోపల్నుంచి సీనియర్‌ని పిలిచాడు. ఆ అమ్మాయి వచ్చి రెండు మాటలు వినగానే కుర్చీ వేసింది. టీ వచ్చింది. నలభై నిమిషాలు!

ఆయన చెప్పింది ఇదీ: ఇస్రో రాకెట్ పీఎస్ఎల్‌వీ మొదటి దశలో ఇంధనం ఉండే గొట్టం, అంటే 2.8 మీటర్ల వ్యాసం ఉన్న మోటార్ కేసు, మారేజింగ్ స్టీలు. ఆ స్టీలు మిధానిదే. అందులో 18 శాతం నికెల్. మెత్తగా ఉన్నప్పుడే మెషినింగ్ చేసేసుకుని, తర్వాత 480 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచితే గట్టిపడుతుంది, ఆకారం పెద్దగా మారదు. "పిల్లాడికి మంచీ చెడూ మెత్తగా ఉన్నప్పుడే నేర్పాలి, ఇదీ అంతే" అని ఆయన తెలుగులో అంటే, ఒంగోలు కుర్రాడొకడు పగలబడి నవ్వి మిగతావాళ్లకి ఇంగ్లీషులో చెప్పాడు. మాకు పెళ్లయి పదకొండేళ్లు. ఈ మనిషి ఇన్ని మాటలు మాట్లాడతాడని నాకు తెలియదు.

ఆ మధ్యాహ్నమే ఫోన్లలో వార్త: కేంద్ర కేబినెట్ చంద్రయాన్-4కి ₹2,104 కోట్లు, శుక్రగ్రహ యాత్రకి ₹1,236 కోట్లు, కొత్త తరం రాకెట్‌కి ₹8,240 కోట్లు ఆమోదించిందని. హాల్లో సగం మంది తలలు వంచి తెర చూస్తున్నారు. పక్కన పీణ్యలో ఫాస్టెనర్లు చేసే ఓ పెద్దాయన, "ఇందులో బోల్టుల వాటా ఎంతుంటుందంటావు?" అని నన్నడిగాడు. సీరియస్‌గానే.

రెండో రోజు ఎక్కువసేపు విద్యార్థుల బల్ల దగ్గరే గడిచింది. కూల్‌డ్రింక్ క్యాన్ సైజులో క్యాన్‌శాట్ అనే నమూనా ఉపగ్రహం చేశారు. లోపల ప్రెషర్ సెన్సర్, చిన్న రేడియో, పైన ప్యారాచూట్. ప్యారాచూట్ గుడ్డ పాత గొడుగుది, కుట్టింది ఒకడి అమ్మ. కుట్టు వంకరగా ఉందని మామయ్యగారు చూపిస్తే, "అది రెండోసారి కుట్టింది సార్, మొదటిది చింతచెట్టుకి చిక్కుకుంది" అన్నాడు. లోపల ఫుడ్ కోర్టులో ఇద్దరి భోజనానికి ₹640 అయింది. పప్పు నీళ్లలా ఉంది. ఇంటి నుంచి పులిహోర తెచ్చుకోవడం నయం.

సాయంత్రం బయల్దేరే ముందు ఆ స్టార్టప్ అమ్మాయే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి, ఒక టైటానియం బ్రాకెట్ డ్రాయింగ్ ఇచ్చింది. 40 పీసులు. సర్టిఫికెట్ లేదని చెప్తే, "ప్రోటోటైపే కదా, ముందు ధర కోట్ చేసి పంపండి. సార్ ఒకసారి చూస్తారుగా?" అంది. ఆ సార్ నేను కాదు.

రాత్రి రైల్లో ఆయన కింది బెర్త్ మీద డ్రాయింగ్ పరుచుకుని, పక్కనాయన లైటు ఆపమనేదాకా టాలరెన్సులు, అంటే కొలతల్లో ఎంత తేడా ఒప్పుకుంటారో, చూస్తూనే ఉన్నారు. కోట్ వారంలో పంపాం, జవాబు ఇంకా రాలేదు. లాడ్జి నుంచి మాత్రం "మీ బస ఎలా ఉంది? రేటింగ్ ఇవ్వండి" అని మూడు మెసేజ్‌లొచ్చాయి. ఏం రాయమంటారని అడిగితే, మామయ్యగారు తన ఫోన్ తీసి దుప్పటి ఫొటో పంపారు. ఎప్పుడు తీశారో నాకు తెలియదు.