మాడ్రిడ్‌లో మోడరన్ ఆర్ట్: ముందు థైసెన్, తర్వాతే రెయినా సోఫియా

మాడ్రిడ్ వెళ్ళినవాళ్ళు చాలామంది ప్రాడో మ్యూజియం చూసేసి ఆర్ట్ అయిపోయిందనుకుంటారు. ప్రాడో చూడాల్సిందే, కానీ ఇరవయ్యో శతాబ్దం బొమ్మలంటే ఇష్టం ఉంటే అక్కణ్ణించి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఇంకో రెండు మ్యూజియంలున్నాయి, వాటికి తీరిగ్గా టైమ్ పెట్టుకోండి.

నన్నడిగితే ముందు థైసెన్-బోర్నెమిస్సాకి వెళ్ళండి. ఇంప్రెషనిస్టుల నుంచి పాప్ ఆర్ట్ దాకా ఒక్క బిల్డింగ్‌లోనే దొరుకుతాయి, ఎవరి తర్వాత ఎవరొచ్చారో, ఏం మార్చారో చదవక్కర్లేకుండా చూస్తుంటేనే అర్థమైపోతుంది. నేను ఎక్కువసేపు ఆగింది జర్మన్ ఎక్స్‌ప్రెషనిస్టుల దగ్గర, అంటే ఉన్నదున్నట్టు కాకుండా మనసులో భావాన్ని ఘాటు రంగుల్లో చూపించినవాళ్ళు. 1905లో డ్రెస్డెన్‌లో ఆర్కిటెక్చర్ చదివే కుర్రాళ్ళు మొదలుపెట్టిన గ్రూప్ డీ బ్రూకె, అందులో కిర్ష్నర్ వేసిన ఫ్రాంజీ అనే పాప బొమ్మ ఇక్కడుంది, పిల్ల మొహానికి ఆకుపచ్చ రంగేశాడు, అయినా ఆ చూపు మనల్ని వదలదు. మోండ్రియన్, హాపర్ లాంటి పెయింటర్ల బొమ్మలు కూడా ఉన్నాయి. సోమవారం 12 నుంచి 4 దాకా ఫ్రీ.

రెయినా సోఫియా పాత హాస్పిటల్ బిల్డింగ్, చాలా పెద్దది, అన్నీ చూద్దామనుకుంటే కాళ్ళు పడిపోతాయి, కాబట్టి రెండో ఫ్లోర్‌లో పికాసో వేసిన గెర్నికా బొమ్మకే ఓపిక దాచుకోండి. ఏడున్నర మీటర్లు దాటిన వెడల్పు, రంగులే లేవు, ఎదురుగా నిలబడితే గొంతు పూడుకుపోయింది నాకు. 1937 ఏప్రిల్ 26న స్పెయిన్‌లోని గెర్నికా ఊరి మీద బాంబులు పడితే జూన్‌కల్లా పికాసో ఇది పూర్తి చేశాడు. వేస్తున్నప్పుడు ఫోటోగ్రాఫర్ డోరా మార్ తీసిన ఫోటోలు కూడా పెట్టారు, అవి అస్సలు వదలొద్దు, మొదట్లో పైకెత్తిన పిడికిలి ఉండేది, తర్వాత తీసేశాడు, ఆయన ఆలోచన ఎలా మారుతూ వచ్చిందో కనిపిస్తుంది. ఆదివారం తప్ప సాయంత్రం 7 నుంచి 9 ఫ్రీయే గానీ క్యూ, తోపులాట, ఈ బొమ్మ ముందు ప్రశాంతంగా నిలబడాలంటే టికెట్ కొనుక్కుని పొద్దున్న 10కే వెళ్ళడం మంచిది.

స్టేకి సెంటర్‌లో మెయిన్ రోడ్డు గ్రాన్ వియా కన్నా అటోచా రైల్వే స్టేషన్, లవపియేస్ పేట వైపు నాకు నచ్చింది. మేం దిగిన చోట రూమ్ చిన్నది, రాత్రి వీధి గోల బాగా వినిపించింది, కానీ రెయినా సోఫియాకి నడిచి వెళ్ళిపోవచ్చు, లవపియేస్‌లో ఇండియన్ హోటళ్ళు ఉన్నాయి కాబట్టి అన్నం దొరుకుతుంది. ఎయిర్‌పోర్ట్ నుంచి పసుపు ఎక్స్‌ప్రెస్ బస్సు పగలైతే అటోచా దాకా వస్తుంది, రాత్రిపూట సిబెలెస్ కూడలిలోనే ఆపేస్తారు. మంగళవారం మాత్రం పెట్టుకోకండి, రెయినా సోఫియాకి సెలవు.